వినడం నేర్చిన యంత్రం

తల్లి ఒడిలోని పసిపాప ముందు వింటుంది. తరువాత మాట్లాడుతుంది. ఆ తరువాత కొన్నేళ్ళకు బడికి వెళ్ళి, పలక పట్టి, అక్షరాలు దిద్దుతుంది. వినడం, మాట్లాడడం, చదవడం, రాయడం - మనిషి భాష నేర్చే వరస ఇది. కంప్యూటర్ విషయంలో ఈ వరస తలకిందులయింది. అది మొదట రాతనే నేర్చుకొన్నది. మీట నొక్కితే అక్షరాన్ని గుర్తించేది. మనిషి నోరు తెరచి పలికితే మాత్రం ఒక్క మాట కూడా దానికి తెలిసేది కాదు. అందువల్ల అది చాలాకాలం చదువు వచ్చినవారికి, అందులోనూ ఇంగ్లీషు వచ్చినవారికి మాత్రమే పనిముట్టుగా ఉండిపోయింది.

ఈ యంత్రానికి వినడం నేర్పాలని నడుం కట్టిన తొలితరం శాస్త్రవేత్తలలో ఒకరు తెలుగు పల్లెలో పుట్టిన రైతుబిడ్డ. ఆయన పేరు దబ్బల రాజగోపాల్ రెడ్డి. ప్రపంచం ఆయనను రాజ్ రెడ్డిగా ఎరుగును.

రాజ్ రెడ్డి 1937 జూన్ 13న చిత్తూరు జిల్లాలోని కాటూరు గ్రామంలో జన్మించారు. ఆనాడు ఆ జిల్లా మద్రాసు రాజధానిలో భాగం. తండ్రి వ్యవసాయదారుడు. ఆ కుటుంబంలో కళాశాల మెట్టు ఎక్కిన మొదటివాడు రాజ్ రెడ్డే. పై చదువుకు ఆయన మద్రాసులోని గిండీ ఇంజనీరింగ్ కళాశాలలో చేరారు. 1794లో భూమి కొలతలు నేర్పే పాఠశాలగా ఆరంభమైన పురాతన సంస్థ అది. అక్కడ ఆయన చదివినది కంప్యూటర్ విద్య కాదు, సివిల్ ఇంజనీరింగ్. రోడ్లు, వంతెనలు, ఆనకట్టలు కట్టే విద్య అన్నమాట. 1958లో ఆయన పట్టభద్రులయ్యారు.

తరువాత ఆస్ట్రేలియా వెళ్ళి, సిడ్నీలోని న్యూ సౌత్ వేల్స్ విశ్వవిద్యాలయంలో 1960లో ఎం.టెక్. పట్టా పుచ్చుకొన్నారు. ఆ విశ్వవిద్యాలయంలో 1956 నుండి ‘డ్యూస్’ జాతికి చెందిన ఒక కంప్యూటర్ పని చేస్తూ ఉండేది. ఇంగ్లండు గణిత శాస్త్రవేత్త అలన్ ట్యూరింగ్ రూపకల్పన చేసిన యంత్రమే దానికి మూలం. ట్యూరింగ్ పేరును గుర్తుంచుకోండి. ఈ కథలో ఆ పేరు మళ్ళీ వస్తుంది. చదువు ముగిశాక రాజ్ రెడ్డి సుమారు మూడేళ్ళు ఆస్ట్రేలియాలోని ఐ.బి.ఎం. సంస్థలో ఉద్యోగం చేశారు. మంచి ఉద్యోగంలో కుదురుకొన్న తరువాత దానిని విడిచి తిరిగి విద్యార్థి కావడం తేలిక కాదు. ఆయన ఆ పనే చేశారు. 1963లో అమెరికాలోని స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయంలో పరిశోధక విద్యార్థిగా చేరారు.

స్టాన్‌ఫర్డ్‌లో ఆయనకు గురువు జాన్ మెకార్థీ. ‘కృత్రిమ మేధ’ అనే పేరును లోకానికి ఇచ్చినవారిలో ఈయన ముఖ్యులు. 1956లో అమెరికాలోని డార్ట్‌మత్ కళాశాలలో జరిగిన సదస్సుతో ఆ పేరు స్థిరపడింది. మనిషి తెలివితో చేసే పనులను యంత్రం చేత చేయించే శాస్త్రమే కృత్రిమ మేధ. లెక్కలు కట్టడం, చదరంగం ఆడడం వంటివి గొప్ప తెలివికి గుర్తులని మనం అనుకొంటాం. చూడడం, వినడం, నడవడం పసిపిల్లలకు కూడా వచ్చునని వాటిని లెక్కచేయం. యంత్రానికి నేర్పబోతే అసలు సంగతి తెలిసింది. లెక్కలు యంత్రానికి సులభం. రెండేళ్ళ పాప చేసే పనులే దానికి దుర్లభం. రాజ్ రెడ్డి ఆ దుర్లభమైన పనినే ఎన్నుకొన్నారు.

వినడం ఎందుకు అంత కష్టమో కొంచెం ఆలోచిద్దాం.

మనం పలికినప్పుడు గాలిలో కదలిక పుడుతుంది. మైక్రోఫోన్ ఆ కదలికను విద్యుత్ తరంగంగా మారుస్తుంది. కంప్యూటర్ ఆ తరంగపు ఎత్తును సెకనుకు వేలసార్లు కొలిచి, అంకెలుగా రాసుకొంటుంది. టెలిఫోన్‌లో వినిపించే పాటి ధ్వనికి సెకనుకు 8,000 కొలతలు చాలు. కాబట్టి యంత్రానికి అందేది మాట కాదు, బారులు తీరిన అంకెలు. ఆ అంకెలలో మాటలను వెతికి పట్టుకోవాలి.

ఇందులో మొదటి చిక్కు, మాటల మధ్య ఖాళీ ఉండకపోవడం. పుస్తకంలో ఒక పదానికీ మరొక పదానికీ మధ్య ఎడం వదలుతాం. నోటి మాటలో ఆ ఎడం ఉండదు. “అన్న చేప పట్టాడు” అని వేగంగా అనండి. “అన్న చేపట్టాడు” అన్నా ఇంచుమించు అలాగే వినిపిస్తుంది. మొదటి వాక్యంలో అన్న చెరువు గట్టున ఉన్నాడు. రెండవ వాక్యంలో ఏదో ఒక పనిని మొదలుపెట్టాడు. చెవికి అందిన ధ్వని దాదాపు ఒకటే, అర్థం మాత్రం వేరు.

రెండవ చిక్కు, ఒకే అక్షరం అన్నిచోట్లా ఒకేలా పలకకపోవడం. ‘కి’ అని ఒకసారి, ‘కు’ అని ఒకసారి పలికి చూడండి. ‘కు’ అనేటప్పుడు ‘క’ కారం పూర్తికాక ముందే పెదవులు గుండ్రమవుతాయి. పక్కన వచ్చే ధ్వని నీడ ముందు ధ్వని మీద పడుతుంది. ఇక పిల్లల గొంతు వేరు, పెద్దల గొంతు వేరు. జలుబు చేస్తే అదే మనిషి గొంతు కూడా మారుతుంది.

మూడవ చిక్కు, చుట్టూ ఉండే రొద. సంతలో బండ్ల చప్పుడు మధ్య స్నేహితుని మాట సగమే వినబడినా మనకు అర్థమవుతుంది. ఎలా? మిగిలిన సగాన్ని మన తెలివి పూరిస్తుంది. మనిషి చెవితోనే వినడు. భాష పట్ల, లోకం పట్ల తనకున్న ఎరుకతో కూడా వింటాడు. యంత్రానికి చెవి అమర్చడం సులభమే. ఈ ఎరుకను ఇవ్వడమే అసలు సమస్య.

రాజ్ రెడ్డి ధ్వని తరంగాన్ని నేరుగా విశ్లేషించి మాటలను గుర్తించే పద్ధతి మీద పరిశోధన చేసి, 1966లో డాక్టరేట్ పొందారు. అక్కడే ఆచార్యులుగా కొంతకాలం పనిచేసి, 1969లో పిట్స్‌బర్గ్ నగరంలోని కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయానికి వెళ్ళారు. కృత్రిమ మేధకు పునాదులు వేసిన అలెన్ న్యూవెల్, హెర్బర్ట్ సైమన్ అప్పటికే అక్కడ ఉన్నారు.

సరిగ్గా ఆ ఏడాదే ఈ పరిశోధనకు ఒక గట్టి దెబ్బ తగిలింది. జాన్ పియర్స్ అనే సుప్రసిద్ధ శాస్త్రవేత్త ఒక శాస్త్ర పత్రికకు లేఖ రాశారు. యంత్రం చేత మాట గుర్తింపజేయాలనుకోవడం నీటిని పెట్రోలుగా మార్చాలనుకోవడం వంటిదనీ, సముద్రంలోంచి బంగారం తీయాలనుకోవడం వంటిదనీ ఆ లేఖలో ఎత్తిపొడిచారు. ఆయన సామాన్యుడు కాడు. ఆయన మాటకు విలువ ఉన్నది. పైగా ఆ విమర్శలో కొంత నిజం కూడా ఉన్నది. భాష అర్థం కాకుండా ధ్వనిని మాత్రమే పట్టుకొంటే ఫలితం ఉండదని ఆయన వాదం. దానికి జవాబు మాటలతో చెప్పేది కాదు, పనితో చూపేది.

1971లో అమెరికా రక్షణశాఖకు చెందిన పరిశోధన విభాగం ఐదేళ్ళ గడువుతో ఒక లక్ష్యాన్ని నిర్ణయించింది. వేయి మాటలతో కూడిన వాక్యాలను యంత్రం గ్రహించాలి. తప్పులు నూటికి పదికి మించరాదు. ఆ పందెంలో దిగిన బృందాలలో రాజ్ రెడ్డి బృందం ఒకటి.

ఆయన బృందం తయారు చేసిన తొలి యంత్రవ్యవస్థ పేరు ‘హియర్‌సే’. అది నోటిమాటతో చదరంగం ఆడేది. ఎదుటివాడు తన ఎత్తును నోటితో చెబితే అది గ్రహించేది. ఇందులోని కిటుకు గమనించండి. చదరంగం బల్ల మీద ఆ క్షణాన వేయదగిన ఎత్తులు కొన్నే ఉంటాయి. మాట సరిగా వినబడకపోయినా, ఆ కొన్నింటిలో ఏది అయి ఉంటుందని ఊహిస్తే చాలు. అంటే ఆట నియమాలు తెలిసి ఉండడం చెవికి సాయపడుతుందన్నమాట. పియర్స్ లేదని ఎత్తిచూపిన ‘ఎరుక’ ఈ విధంగా యంత్రంలోకి ప్రవేశించింది.

తరువాతి హియర్‌సేలో ఇంకొక చక్కని ఆలోచన ఉన్నది. దానిని ‘నల్లబల్ల పద్ధతి’ అంటారు. మీ తరగతిలోని నల్లబల్ల మీద సగం చెరిగిపోయిన వాక్యం ఒకటి ఉన్నదనుకోండి. ఒక విద్యార్థికి అక్షరాల వంపులు బాగా తెలుసు. ఇంకొకరికి పదాలు తెలుసు. మరొకరికి వ్యాకరణం తెలుసు. నాలుగవవారికి ఆ పాఠం దేని గురించో తెలుసు. ఒక్కొక్కరు లేచి వచ్చి, తమకు తోచినదానిని బల్ల మీద రాస్తారు. ఒకరు రాసినది చూసి మరొకరు బలపరుస్తారు, లేదా కాదని సరిదిద్దుతారు. చివరకు వాక్యం పూర్తవుతుంది. ఒక్కడికీ మొత్తం తెలియదు. అందరూ కలిస్తే తెలుస్తుంది. హియర్‌సేలోని వివిధ భాగాలు ఇలాగే ఒక ఉమ్మడి నల్లబల్ల మీద తమ ఊహలను రాస్తూ వాక్యాన్ని తేల్చేవి.

గడువు ముగిసిన 1976లో లక్ష్యాన్ని అందుకొన్నది మాత్రం అదే ప్రయోగశాలలో పుట్టిన ‘హార్పీ’ అనే మరొక వ్యవస్థ. దానికి 1,011 మాటలు తెలుసు. ఆ మాటలతో ఏర్పడగల వాక్యాలన్నింటినీ అది ముందుగానే ఒక దారుల పటంగా కూర్చుకొన్నది. వినిపించిన ధ్వనికి సరిపోయే దారిని ఆ పటంలో వెతకాలి. ఒక్క దారినే నమ్ముకొంటే అది తప్పుదారి కావచ్చు. అన్ని దారులూ వెతికితే కాలం చాలదు. అందుకని ప్రతి మలుపు వద్ద, ఎక్కువ ఆశ కనిపించిన కొద్ది దారులను మాత్రం ఉంచుకొని మిగిలినవి వదలివేసేది. ఈ ఉపాయాన్ని ‘బీమ్ సెర్చ్’ అంటారు. నేటి కృత్రిమ మేధ వ్యవస్థలలోనూ దానిని వాడుతున్నారు.

అంతమాత్రాన హార్పీ మనిషిలా విన్నదని అనుకోరాదు. దానికి తెలిసిన వాక్యాల తీరు పరిమితం. ఒక వాక్యాన్ని పలకడానికి పట్టిన కాలం కన్న దానిని గుర్తించడానికి ఎన్నో రెట్లు ఎక్కువ కాలం పట్టేది. అయినా అసాధ్యమన్నది సాధ్యమేనని తేలింది.

మంచి గురువు గొప్పతనం శిష్యులలో కనబడుతుంది. హార్పీని రూపొందించిన బ్రూస్ లోవెర్ రాజ్ రెడ్డి శిష్యుడు. ఒక ధ్వని తరువాత ఏ ధ్వని రావడానికి ఎంత అవకాశమున్నదో లెక్కకట్టే ‘డ్రాగన్’ పద్ధతిని తెచ్చిన జేమ్స్ బేకర్ కూడా ఆయన శిష్యుడే. ఇంకొక శిష్యుడు కై-ఫు లీ 1988 నాటికి ‘స్ఫింక్స్’ను తయారు చేశారు. అంతకుముందు చాలా వ్యవస్థలకు ప్రతి కొత్త మనిషి గొంతునూ ముందుగా పరిచయం చేయవలసి వచ్చేది. స్ఫింక్స్ మాత్రం ఎన్నడూ వినని గొంతును కూడా గుర్తించింది.

1979లో కార్నెగీ మెలన్‌లో రోబోటిక్స్ సంస్థ ఏర్పడినప్పుడు రాజ్ రెడ్డి దానికి తొలి సంచాలకులయ్యారు. 1991 నుండి 1999 వరకు అక్కడి కంప్యూటర్ విజ్ఞాన విభాగానికి అధిపతిగా ఉన్నారు. 1994లో ఎడ్వర్డ్ ఫైగెన్‌బామ్‌తో కలిసి ఆయన ట్యూరింగ్ పురస్కారాన్ని అందుకొన్నారు. కంప్యూటర్ రంగంలో అది నోబెల్ బహుమతి వంటిది. భారతదేశంలో పుట్టినవారిలో దానిని పొందిన మొదటివారు ఆయనే. సిడ్నీలో తాను చదివిన చోట ఉన్న యంత్రానికి మూలపురుషుడైన ట్యూరింగ్ పేరు మీదనే ఆ గౌరవం ఆయనను వరించింది. 2001లో భారత ప్రభుత్వం పద్మభూషణ్‌తో సత్కరించింది.

ఇంతవరకు ప్రయోగశాలలోని కథ. ప్రయోగశాల బయట ఆయన చేసిన పనులు కూడా తెలుసుకోదగినవి.

1980 తరువాతి సంవత్సరాలలో పారిస్ నగరంలో ఒక కేంద్రం వెలిసింది. కంప్యూటర్ల ప్రయోజనం ధనిక దేశాలకే పరిమితం కాకూడదు, పేద దేశాల పిల్లలకు కూడా అందాలి అనేది దాని ఆశయం. రాజ్ రెడ్డి దానికి ముఖ్య శాస్త్రవేత్తగా పనిచేశారు. ఆ సేవకు ఫ్రాన్సు దేశం 1984లో తన అత్యున్నత పురస్కారమైన ‘లెజియన్ ఆఫ్ ఆనర్’ను ఇచ్చింది. తరువాతి కాలంలో, చదవడం రాయడం రానివారు కూడా వాడుకోగలిగేటట్లు టెలివిజన్, టెలిఫోన్, కంప్యూటర్ ఒక్కటిగా ఉండే పరికరాన్ని తయారు చేయడానికి ఆయన పూనుకొన్నారు.

ఆయన తలపెట్టిన మరొక పెద్ద పని పుస్తకాలకు సంబంధించినది. అమెరికా, చైనా, భారతదేశం, ఈజిప్టు దేశాల సంస్థలు కలిసి, పది లక్షల పుస్తకాలను పుట పుటకూ బొమ్మ తీసి కంప్యూటర్‌లో భద్రపరచాలని సంకల్పించాయి. మన దేశంలో బెంగుళూరులోని భారతీయ విజ్ఞాన సంస్థ ఈ పనికి పెద్దదిక్కు. 2007 నాటికి ఆ లెక్క పదిహేను లక్షలు దాటింది. అందులో వేలాది తెలుగు పుస్తకాలున్నాయి. తెలుగు గ్రంథాలయం దగ్గరలో లేని సోలాపూర్ విద్యార్థిని కూడా నేడు తన ముత్తాతల కాలపు తెలుగు పుస్తకాన్ని తెర మీద తెరచి చదువుకోవచ్చు.

2008లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం గ్రామీణ విద్యార్థుల కోసం రాజీవ్ గాంధీ వైజ్ఞానిక సాంకేతిక విశ్వవిద్యాలయాన్ని నెలకొల్పింది. నూజివీడు, ఇడుపులపాయ, బాసరలలో దాని విద్యాలయాలు మొదలయ్యాయి. బాసర నేడు తెలంగాణలో ఉన్నది. పదవ తరగతి ముగించిన పల్లె పిల్లలకు ఆరేళ్ళ చదువును ఒకేచోట చెప్పడం దాని పద్ధతి. దానికి తొలి కులపతి రాజ్ రెడ్డి. తన ఇంట మొదటిసారి కళాశాలకు వెళ్ళిన పిల్లవాడు, అలాంటి వేలాది పిల్లలకు దారి వేసే పనిలో పాలుపంచుకొన్నాడు.

ప్రయోగశాలలోని పనికీ, బయట చేసిన పనికీ మూలం ఒక్కటే. చదువు అందనంత మాత్రాన, పరాయి భాష రానంత మాత్రాన ఏ మనిషీ వెనుకబడరాదు. మనిషి యంత్రానికి అనుగుణంగా వంగడం కాదు, యంత్రమే మనిషికి అనుగుణంగా వంగాలి.

ఆ మార్గంలో ఇంకా చాలా దూరం నడవవలసి ఉన్నది. నేటి యంత్రాలు పాతవాటికన్న ఎంతో బాగా వింటున్నాయి. మనుషులు మాట్లాడిన వేలాది గంటల మాటను విని, అవి స్వయంగా నేర్చుకొంటున్నాయి. కాని విన్నదానినే నేర్చుకొంటాయి. ఏ భాషలో రికార్డయిన మాట తక్కువో, ఆ భాష వారికి యంత్రం చెవి మందగిస్తుంది. ఒకే భాషలో కూడా ఈ తేడా ఉంటుంది. ఒకరు ‘చెప్పాడు’ అంటారు. ఒకరు ‘చెప్పినాడు’ అంటారు. మరొకరు ‘చెప్పిండు’ అంటారు. మూడూ తెలుగే. హోసూరు తెలుగులో తమిళపు యాస, బళ్ళారి తెలుగులో కన్నడపు పలుకు, బరంపురం తెలుగులో ఒడియా మాట కలుస్తాయి. అవి తప్పులు కావు. తరతరాలుగా ఇరుగుపొరుగు భాషలతో కలిసి బతికిన తెలుగు గుర్తులు అవి. ఆ పలుకులను యంత్రం వినకపోతే, మన అవ్వ తన మాట వదలి వేరొక భాషలో దానితో మాట్లాడవలసి వస్తుంది. లేదా మౌనంగా ఉండిపోతుంది. భారతీయ భాషలలో యంత్రం వినేటట్లు, పలికేటట్లు చేయడానికి భారత ప్రభుత్వం 2022లో ‘భాషిణి’ అనే కార్యక్రమాన్ని ప్రారంభించింది. జనం తమ గొంతును దానికి కానుకగా ఇచ్చే ఏర్పాటు కూడా అందులో ఉన్నది.

కాబట్టి ఈ పనిలో శాస్త్రవేత్తలకే కాదు, మాట్లాడేవారికి కూడా పాత్ర ఉన్నది. నల్లబల్ల కథను మరచిపోకండి. ఒక్కడికి మొత్తం తెలియదు. ఎవరికి తెలిసినది వారు వచ్చి రాయాలి. తెలుగు అనే పెద్ద నల్లబల్ల మీద యానాం వారు, సోలాపూర్ వారు, హోసూరు వారు రాయవలసిన మాటలు ఇంకా మిగిలి ఉన్నాయి. ఇంట్లో తెలుగు మాట్లాడేవారు ఉన్నంతకాలమే ఆ మాటలు దొరుకుతాయి. యంత్రం వినడం నేర్చుకొన్నది. దానికి వినిపించవలసినది మనం.

అర్థాలు
దుర్లభం = సాధించడానికి కష్టమైనది
ఎరుక = తెలివిడి, జ్ఞానం
ఎత్తిపొడుచు = దెప్పు, హేళన చేయు
కిటుకు = ఉపాయం, రహస్యం
కులపతి = విశ్వవిద్యాలయానికి అధిపతి
యాస = ఒక ప్రాంతపు పలుకుబడి తీరు

అభ్యాసం
1. మనిషి భాష నేర్చే వరసకూ, కంప్యూటర్ నేర్చిన వరసకూ గల భేదం ఏమిటి?
2. యంత్రానికి మాటను గుర్తించడంలో ఎదురయ్యే మూడు చిక్కులను మీ సొంత మాటలలో రాయండి.
3. ‘నల్లబల్ల పద్ధతి’ని వివరించండి. మీ నిత్యజీవితం నుండి అటువంటి మరొక ఉదాహరణ చెప్పండి.
4. జాన్ పియర్స్ విమర్శలో నిజం ఎంత? దానికి హియర్‌సే ఎలా జవాబు అయింది?
5. ‘చేప పట్టాడు - చేపట్టాడు’ వలె వేగంగా పలికితే ఒకేలా వినిపించే జంటలను మూడింటిని కనుగొనండి.
6. మీ ఇంటి పెద్దలు వాడే, పాఠ్యపుస్తకాలలో కనిపించని తెలుగు మాటలను పదింటిని సేకరించండి. వాటి అర్థాలను, వాడే సందర్భాలను రాసి తరగతిలో వినిపించండి.